బమ్రౌలీలో ఆగిన ఎర్ర విమానం

2024 డిసెంబరు 5న రాజ్యసభ భారతీయ వాయుయాన్ విధేయక్‌ను ఆమోదించింది. లోక్‌సభ ఆ ఆగస్టు 9వ తేదీననే ఆమోదముద్ర వేసి ఉంది. 2025 జనవరి 1న కొత్త శాసనం అమలులోకి రావడంతో 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం తొంభై ఏళ్ల ఆయుర్దాయం ముగించుకొని చరిత్రలో కలిసిపోయింది. ఆ బిల్లును సభలో నడిపించిన పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు అన్న సంగతి పాఠకులకు విదితమే.

చర్చలో వేడి పుట్టించినది శాసనం పేరు. దానికి హిందీ పేరు పెట్టడమేమిటని దక్షిణాది సభ్యులు కొందరు అభ్యంతరం తెలిపారు. ఆ వాదోపవాదాల నడుమ పాత చట్టాన్ని తలచుకొన్నవారు తక్కువ. అది నిజానికి వినోదకరమైన శాసనం. గాలి ఆధారంతో ఆకాశంలో నిలవగల యంత్రాలన్నిటినీ విమానం అన్న నిర్వచనంలోకి లాగి, బెలూన్లతోపాటు గాలిపటాలను కూడా అందులో చేర్చింది. ఆగస్టు 15న పాత ఢిల్లీ మిద్దెల మీద పతంగులెగరేసే పిల్లలందరూ ఆ లెక్కన విమాన చోదకులే!

తెల్లదొరల ప్రభుత్వం అటువంటి చట్టం చేయవలసిన అవసరం 1934లో ఎందుకు వచ్చింది? లండను నుంచి సింగపూరుకు, ఆస్ట్రేలియాకు పోయే ఆకాశమార్గం మన దేశం మీదుగానే పోతుంది. సామ్రాజ్యానికి ఆ దారి ప్రాణనాడి. చట్టం వచ్చిన రెండు మాసాలకే, అక్టోబరులో, ఆ దారి వెంట ప్రపంచమంతా నివ్వెరపోయి చూసిన ఒక పందెం జరిగింది. ఆ పందెంలో గెలిచిన విమానానికి నమూనా ఒకటి ఢిల్లీలో, పాలం గ్రామంలోని ఒక ఇరుకు సందులో, మూడేళ్ల శ్రమ తరువాత ఈ మధ్యనే పూర్తయింది. కొత్త చట్టం గురించి వాయుసేన విశ్రాంత ఉద్యోగులతో మాట్లాడుతూ ఉండగా దాని వార్త నా చెవిన పడింది.

నమూనాలకు ఢిల్లీలో కరువు లేదు. ప్రతి మంత్రిత్వశాఖ వసారాలోనూ అద్దాల పెట్టెలో ఒక విమానాశ్రయమో, ఒక రేవో, ఒక రాజధానీ నగరమో కొలువుదీరి ఉంటుంది. అవి రాబోయే వాటి నమూనాలు. వాటి మీద నాటిన ప్లాస్టిక్ చెట్లు ఎన్నడూ ఎండవు, కాలువలు ఎన్నడూ పూడవు. జరిగిపోయినదానికి నమూనా చేయడం వేరొక విద్య. అందులో తప్పు చేస్తే పట్టుకొనేందుకు సాక్ష్యం ఉంటుంది.

తోకచుక్క వెళ్లిన దారి

మెల్బోర్న్ నగరం శతవార్షికోత్సవం సందర్భంగా అక్కడి చాక్లెట్ వ్యాపారి సర్ మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ ఈ పందెానికి ధనసహాయం చేశాడు. ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్బోర్న్ దాకా సుమారు 11,300 మైళ్లు. మొదటి బహుమతి పదివేల పౌన్లు. పోటీదారులు తప్పనిసరిగా దిగవలసిన మజిలీలు ఐదు: బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు, డార్విన్, చార్లవిల్. అలహాబాదు అంటే ఊరి వెలుపలి బమ్రౌలీ విమానాశ్రయం. ఆ నగరానికి 2018లో ప్రయాగ్‌రాజ్ అని పేరు మార్చారు. బమ్రౌలీ మాత్రం బమ్రౌలీగానే ఉంది. వాయుసేన సెంట్రల్ కమాండ్ ముఖ్యస్థావరం నేడు అక్కడే.

ఈ పందెం కోసమే డి హావిలాండ్ కంపెనీ డీహెచ్ 88 అనే విమానాన్ని రూపొందించింది. ముద్దుపేరు కామెట్, అనగా తోకచుక్క. ఒక్కొక్కటి ఐదువేల పౌన్లకు ఇస్తామన్నది. మూడింటికి బేరం కుదిరింది. మొదటిది 1934 సెప్టెంబరు 8న గాలిలోకి లేచింది. పందెానికి అప్పటికి ఆరు వారాలే వ్యవధి. శరీరమంతా కలప. రెక్క మీది చర్మం సన్నటి స్ప్రూస్ చెక్క పట్టీలను ఏటవాలుగా రెండు పొరలు పేర్చి జిగురుతో అతికించినది. రెండు ఇంజన్లు. ముందు భాగమంతా పెట్రోలు తొట్లు. వాటి వెనుక ఒకరి వెనుక ఒకరుగా ఇద్దరు చోదకులు. లోపలికి ముడుచుకొనే చక్రాలను చేతితో తిప్పి ఎత్తాలి, దించాలి.

అన్నిటికన్న విచిత్రం దాని ప్రొపెల్లర్లు. పైకి లేచేందుకు ఒక కోణం, దూరప్రయాణానికి మరొక కోణం కావాలి. మొదటి కోణాన్ని నేల మీద సైకిల్ పంపుతో గాలి కొట్టి అమర్చేవారు. విమానం వేగం అందుకోగానే ఎదురుగాలి ఒత్తిడికి కొట్టిన గాలి బయటికి పోయి రెక్కలు రెండో కోణానికి తిరిగేవి. తిరిగి నేలకు దిగేదాకా మరి మార్పు లేదు. కనుక ప్రతి మజిలీలోనూ మళ్లీ సైకిల్ పంపు! గంటకు 237 మైళ్ల వేగం గల యంత్రం ఊరి సైకిల్ షాపువాడి పనిముట్టు మీద ఆధారపడిందన్న మాట.

అక్టోబరు 20 ఉదయం ఇరవై విమానాలు బయలుదేరాయి. వాటిలో భారతీయ చోదకుడు ఒక్కడూ లేడు. నాలుగేళ్ల కిందట, 1930లో, ఇంగ్లండు-ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ ప్రకటించిన 500 పౌన్ల బహుమతి కోసం మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్, జె.ఆర్.డి. టాటా పోటీపడ్డారు. గెలిచిన ఆస్పీ ఇంజనీర్ 1960లో మన వాయుసేనకు అధిపతి అయ్యాడు. టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి టపా సంచీలతో విమానం నడిపి మన పౌర విమానయానానికి శ్రీకారం చుట్టాడు. ఎగరడం తెలిసినవారు మనలో ఉన్నారు. అయినా 1934 పందెంలో భారతదేశం పాత్ర ఒక మజిలీ పాత్ర మాత్రమే.

ఆ మజిలీలో కథలు చాలానే జరిగాయి. నల్లరంగు కామెట్‌లో మాలిసన్ దంపతులు అందరికన్న ముందు కరాచీ చేరారు. అక్కడి నుంచి రాత్రివేళ దారి తప్పి జబల్పూరులో దిగవలసి వచ్చింది. విమానాలకు పనికివచ్చే పెట్రోలు అక్కడ లేదు. ఒక బస్సు కంపెనీ వాడే పెట్రోలు పోయించుకొన్నారు. సున్నితమైన ఆ ఇంజన్లు బస్సు పెట్రోలును జీర్ణించుకోలేదు. కుంటుతూ అలహాబాదు చేరి పందెం నుంచి విరమించారు. డచ్చివారి పాండర్ విమానం బమ్రౌలీలోనే, బయలుదేరే పరుగులో నేల మీది వాహనాన్ని ఢీకొని కాలిపోయింది. చోదకులు ప్రాణాలతో బయటపడ్డారు.

ఎర్రరంగు కామెట్ ఆగింది, పెట్రోలు నింపుకొంది, వెళ్లిపోయింది. స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు నడిపిన ఆ విమానానికి తైమూరు సముద్రం మీద ఎడమ ఇంజను మొరాయించింది. అయినా 70 గంటల 54 నిమిషాలలో మెల్బోర్న్ చేరి గెలిచింది. పాలం గ్రామంలో తయారైన నమూనా దానిదే.

అడుగుకు అర అంగుళం

నమూనా చేసిన వృద్ధునికి డెబ్బయి దాటాయి. 1970లలో వాయుసేనలో చేరి, డకోటా విమానాల మరమ్మతు పనిలో చేయి తిరిగి, వారెంట్ ఆఫీసరుగా విరమించారు. సందులోని వారందరికీ ఆయన ‘ఫౌజీ చాచా’. నేనూ అలాగే పిలిచాను. ఆయన స్వగ్రామం బమ్రౌలీకి కూతవేటు దూరంలో ఉంది. 1934లో ఆయన తండ్రికి పదేళ్లు. తాత ఆ విమానాశ్రయంలో దినకూలీ. తాత పెట్రోలు డబ్బాలు భుజాన మోశాడనీ, తండ్రి కంచె ఇవతల నిలబడి ఎర్ర విమానాన్ని చూశాడనీ ఇంటిలో తరచు చెప్పుకొనేవారట.

“చాచాజీ, మీరు జీవితమంతా సేవచేసింది డకోటాకు. దాని నమూనా చేయక ఈ ఇంగ్లీషువారి పందెపు గుర్రం ఎందుకు?” అని అడిగాను.

అడగడానికి కారణం ఉంది. ఆ పందెంలో రెండవ స్థానంలో వచ్చినది కేఎల్ఎం వారి డగ్లస్ డీసీ-2. అది ప్రయాణికులను, టపాను మోసుకొంటూ, మామూలు మజిలీలన్నిటా ఆగుతూ, ఒకచోట వదిలేసిన ప్రయాణికుని కోసం వెనక్కి తిరిగి, 90 గంటల 13 నిమిషాలలో గమ్యం చేరింది. పందెం కోసమే పుట్టిన విమానానికీ దానికీ తేడా ఇరవై గంటలైనా లేదు. విమానయానం భవిష్యత్తు ఎటుందో లోకానికి ఆ రోజే తెలిసింది. డీసీ-2కు తమ్ముడు డీసీ-3. దాని సైనిక రూపమే డకోటా. 1947 అక్టోబరు 27న మొదటి సిక్కు బెటాలియన్‌ను శ్రీనగర్‌లో దింపి కాశ్మీరు లోయను కాపాడినవి డకోటాలే. గెలిచిన కామెట్‌కు సంతానం ఎంత ఉన్నా మన దేశానికి చాకిరీ చేసినది రెండవ స్థానం వారి వంశం.

చాచాజీ నవ్వారు. “భాయ్‌సాబ్, మీరన్నది నిజమే. కాని మా నాన్న చూసినది ఎర్రదాన్ని. నేను చేస్తున్నది ఆయన చూసినదాన్ని” అన్నారు.

నమూనా కొలత అసలుకు ఇరవై నాలుగో వంతు. అనగా అడుగుకు అర అంగుళం. రెక్కల వెడల్పు అసలు విమానంలో 44 అడుగులు, ఇక్కడ 22 అంగుళాలు. పొడవు 29 అడుగులు, ఇక్కడ పధ్నాలుగున్నర. విదేశాలలో దీనికి ప్లాస్టిక్ ముక్కల పెట్టెలు అమ్ముతారు. ఆయన అవి తెప్పించుకోలేదు. చెక్కతో పుట్టినదాన్ని చెక్కతోనే చేయాలని పట్టుదల. రెక్క మీద కాగితమంత పలుచని చెక్క పట్టీలను అసలు విమానంలో మాదిరిగానే ఏటవాలుగా రెండు పొరలు అతికించారు. రంగు వేశాక ఆ పట్టీలు ఎవరికీ కనబడవు. అంత శ్రమ ఎందుకన్నాను. “డకోటా రెక్క లోపలి రివెట్లు ప్రయాణికునికి కనబడతాయా?” అన్నది ఆయన సమాధానం.

నేను మొదటిసారి వెళ్లేనాటికి చెక్కపని ముగిసింది, తుదిమెరుగులు మిగిలాయి. అసలు పరీక్ష అక్కడేనని ఆయన చెప్పారు. చెక్క నరాలు రంగులో నుంచి పైకి తేలకుండా లక్క పూసి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్ది – ఇట్లా తొమ్మిది పూతలు. ఢిల్లీ వర్షాకాలపు చెమ్మలో లక్క తెల్లబారుతుంది కనుక శ్రావణ భాద్రపదాలు పని ఆపివేశారు. ఎరుపు పలుచని రంగు. అడుగున ఉన్నది పైకి కనబడుతుంది. అందుచేత ముందు తెలుపు వేయాలి. కాని పూత మందమైతే అర అంగుళం అడుగుగా నిలబడవలసిన చోట రెక్క అంచు మొద్దుబారి, నమూనా ఆటబొమ్మ అయిపోతుంది.

ఏ ఎరుపు?

పని అక్కడ మూడు మాసాలు నిలిచిపోయింది. కారణం లక్క కాదు, ఎరుపు.

1934 నాటి ఛాయాచిత్రాలు నలుపు తెలుపులవి. ఆనాటి ఫిల్ములలో కొన్నింటికి ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది. వాటిని చూసి ఛాయ నిర్ణయించడం అసాధ్యం. అసలు విమానం ఇంగ్లండులోని షటిల్‌వర్త్ సేకరణలో ఇంకా ఎగురుతూనే ఉంది. అయితే ఆ విమానం పందెం తరువాత సైన్యం చేతికి పోయి, అమ్ముడుపోయి, పేర్లు మార్చుకొని, మరికొన్ని రికార్డులు సాధించి, యుద్ధకాలమంతా మూలనపడి, చివరకు పునరుద్ధరణ పొంది 1987లో మళ్లీ గాలిలోకి లేచింది. నేడు దాని మీద ఉన్న ఎరుపు పునరుద్ధరించినవారు నిర్ణయించిన ఎరుపు.

ఇంటి సాక్ష్యం మరొకటి ఉంది. సంగమం దగ్గర పడుకొని ఉన్న హనుమంతుని విగ్రహానికి పూసే సిందూరం రంగులో ఉండేదని తండ్రి జీవితాంతం చెప్పేవారు. సిందూరం నారింజ ఛాయ కలిసిన ఎరుపు. ఇంగ్లండు విమానపు ఎరుపు అంతకన్న ముదురు. కొడుకు ఎవరి మాట వినాలి?

చాచాజీ చెక్కముక్కల మీద ఎనిమిది ఎరుపులు పూసి మిద్దె మీద వరుసగా పెట్టారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూశారు. ఎండ నడినెత్తికి వచ్చే వేళ ముదురు ఎరుపు సైతం సిందూరం వైపు జరిగినట్లు తోచిందట. చివరకు ఇంగ్లండు విమానపు ఎరుపునే స్వీకరించి, అందులో కొద్దిగా తెలుపు కలిపారు. చిన్న వస్తువు మీద వేసిన రంగు పెద్ద వస్తువు మీద కంటె ముదురుగా కనబడుతుందని నమూనాకారులందరికీ తెలిసిన సంగతే.

“నాన్న చూసినది రంగునూ ఎండనూ కలిపి. నేను వేయవలసినది రంగు ఒక్కటే. కిటికీ దగ్గర పెడితే ఎండ అదే వస్తుంది” అన్నారు.

సాక్ష్యాలను తూచడం ఎట్లాగో పార్లమెంటరీ స్థాయీ సంఘాలలో ఎన్నో గంటలు విన్నాను. ఇంత నిష్పక్షపాతంగా తండ్రి మాటనూ పటాలనూ ఎదురెదురుగా నిలబెట్టి, రెండింటికీ గౌరవం తప్పకుండా తీర్పు చెప్పినవారిని అరుదుగా చూశాను.

ఎరుపు ఆరిన తరువాత తెల్ల అక్షరాలు. జీ-ఏసీఎస్ఎస్ అన్న నమోదు గుర్తు, తోక మీద 34 అన్న పందెపు సంఖ్య, ముక్కు మీద గ్రోవనర్ హౌస్ అన్న పేరు. విమానాన్ని కొన్నవాడు లండనులోని ఆ పేరు గల హోటల్ నిర్వాహకుడు. అక్షరాలన్నీ చేతితో, మూడు వెంట్రుకల కుంచెతో రాసినవే. కంటిశుక్లానికి శస్త్రచికిత్స చేయించుకోవలసి ఉన్నా, చికిత్స తరువాత కంటికి రంగులు వేరుగా తోస్తాయని విని, ఎరుపు పూర్తయ్యేదాకా వాయిదా వేశారు; అక్షరాలు మాత్రం కొత్త కంటితో రాశారు.

ఖాళీగా వదిలిన చోటు

విమానాన్ని నిలబెట్టే పీట మీద బమ్రౌలీ నేల. చక్రాల దగ్గర నాలుగు పెట్రోలు డబ్బాలు, ప్రొపెల్లర్ కింద ఒక సైకిల్ పంపు. మనుషులు లేరు.

“తాతగారిని పెట్టరాదా?” అన్నాను. అయిదున్నర అడుగుల మనిషి ఈ కొలతలో రెండుముప్పావు అంగుళాలు. ఆ చేతులకు అది అసాధ్యమైన పని కాదు.

“విమానానికి కొలతలున్నాయి. తాతకు లేవు. ఫొటో లేదు. తలపాగా కట్టేవాడో టోపీ పెట్టేవాడో నాన్న కూడా చెప్పలేదు. ఊహించి చేస్తే వేరెవరో అవుతాడు” అన్నారు.

ఆయన ఊరికే కూర్చోలేదు. 1934 అక్టోబరు నాటి కూలీల మస్టరు రోలు ఉన్నదా అని సమాచార హక్కు చట్టం కింద ఒక ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు పెట్టారు. లభ్యం కాలేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని మడత నలగకుండా దాచుకొన్నారు.

ఆ జవాబు చట్టవిరుద్ధం కాకపోవచ్చు. ప్రభుత్వ దస్తావేజుల రక్షణకు 1993లో పార్లమెంటు పబ్లిక్ రికార్డుల చట్టం చేసింది. ప్రతి కార్యాలయంలోనూ రికార్డుల అధికారి ఉండాలన్నది. నియమాలు మీరి ధ్వంసం చేసినవారికి అయిదేళ్ల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా విధించవచ్చునన్నది. 1892కు పూర్వపు కాగితాన్ని, పూర్తిగా శిథిలమైతే తప్ప, నాశనం చేయరాదన్నది. అటు తరువాతివాటి గతి ఆయా కార్యాలయాలు నిర్ణయించుకొన్న గడువుల మీద ఆధారపడుతుంది. దినకూలీ మస్టరు రోలును శాశ్వత రికార్డుగా పరిగణించే కార్యాలయం ఏది? వైస్రాయి దగ్గరి ఉత్తరం నిలుస్తుంది. డబ్బా మోసినవాని వేలిముద్ర గడువు తీరి తూకానికి పోతుంది. స్వతంత్ర భారతంలో సైతం ఈ వరుస మారలేదు.

ఆ పందెంలో విజేతలెవరో, ఏ మజిలీ నుంచి ఎప్పుడు కదిలారో నిమిషాలతో సహా గ్రంథాలకెక్కింది. కరాచీ నుంచి దారితప్పినవారి కథ, బస్సు పెట్రోలు కథ కూడా నిలిచాయి. సైకిల్ పంపు సంగతి సైతం నిలిచింది. బమ్రౌలీలో ఆ పంపు పట్టుకొన్న చేయి ఎవరిదో మాత్రం ఆ ఇంటి మనుమడికే తెలియదు. చాచాజీ ఆ ఖాళీని ఊహతో పూడ్చకుండా ఖాళీగానే చూపించారు. ఆ నమూనాలో అన్నిటికన్న కచ్చితమైన భాగం నాకు అదేననిపించింది.

పీట అంచున హిందీలో రెండే మాటలు: బమ్రౌలీ, 21 అక్టోబరు 1934. రానున్న వేసవిలో దాన్ని స్వగ్రామంలో తాను చదివిన పాఠశాలకు ఇస్తారట. అద్దాల పెట్టె కొలతలు ఇప్పటికే అక్కడి వడ్రంగికి పంపారు. కిటికీ ఏ దిక్కున ఉందో కూడా అడిగి తెలుసుకొన్నారు.

ఇక మన సభల సంగతి. ఒక చట్టాన్ని రద్దుచేసి మరొక చట్టాన్ని నిలబెట్టడం పార్లమెంటుకు ఒక మధ్యాహ్నపు పని. పేరు మీద సుదీర్ఘంగా తర్జనభర్జనలు పడినవారెవరైనా ఇప్పటికీ ఒక ప్రశ్న వేయవచ్చు: తొంభై ఏళ్లు నడిచిన పాత చట్టం నీడలో దేశమంతటా విమానాశ్రయాలలో పుట్టిన హాజరుపట్టీలు, కూలి ఖాతాలు, లాగ్ పుస్తకాలు ఎన్ని మిగిలాయి, ఎవరి అధీనంలో ఉన్నాయి, వాటి గడువు ఎన్నాళ్లు? నక్షత్ర గుర్తు ప్రశ్నగా పెడితే మంత్రి జవాబు చెప్పక తప్పదు. ఆ మంత్రి తెలుగువాడు కనుక ఆ ప్రశ్న మొదట తెలుగు సభ్యుని నోట వినాలని నా కోరిక. చాచాజీకి కావలసిన మస్టరు రోలు దొరకకపోవచ్చు. మరొక విమానాశ్రయంలో మరొకరి తాత పేరు ఇంకా తూకానికి పోకుండా మిగిలి ఉండవచ్చు.